రైలు దిగాక బస్సు దొరకాలి కదా: మా ఫీడర్ సర్వీసుపై నా రివ్యూ

రెండేళ్లుగా రోజూ రైలు దిగి ఫీడర్ బస్సెక్కి (స్టేషన్ నుంచి చుట్టుపక్కలకి తిప్పే బస్సు) ఆఫీసుకెళ్తున్నా. రైలుకి 5 స్టార్లు, బస్సుకి 4, కానీ ఒకటి దిగి ఇంకోటి ఎక్కే ఆ మధ్య భాగానికి మాత్రం 2 మించి ఇవ్వలేను.

నడక ఇబ్బంది కాదు, గేటు నుంచి స్టాపుకి నాలుగు నిమిషాలే. పొద్దున పూట రైళ్లు, బస్సులు రెండూ వెంటవెంటనే ఉంటాయి కాబట్టి ఏది మిస్సయినా పర్లేదు. అసలు బాధ రాత్రి తొమ్మిది తర్వాత, అప్పుడు రైలు 20 నిమిషాలకొకటి, బస్సు 30 నిమిషాలకొకటి, లెక్కేసి చూడండి ఈ రెండూ గంటకి ఒక్కసారే కలుస్తాయి, మిగతా రైళ్లలో వచ్చినవాళ్లంతా పది ఇరవై నిమిషాలు స్టాపులో నిలబడాల్సిందే. బస్సుని కూడా 20కో 40కో మార్చి, రైలొచ్చిన ఐదారు నిమిషాలకి కదిలేలా పెడితే చాలు. స్విట్జర్లాండ్‌లో 1982 నుంచి రైళ్లు ప్రతి గంటా అదే నిమిషానికి నడుస్తాయి, చాలా ఊళ్లలో బస్సుల టైము రైలుని చూసే వేస్తారు. రైల్లో కూర్చున్న పది నిమిషాలూ చీకట్లో నిలబడ్డ పది నిమిషాలూ ఒకటెలా అవుతాయండీ, ప్లానింగ్ చేసేవాళ్లు కూడా వెయిటింగ్‌ని సుమారు రెట్టింపు లెక్కేస్తారు.

టికెట్ కార్డు రైలు, బస్సు రెండిట్లోనూ పనిచేస్తుంది, అది చాలా బాగుంది. కానీ బస్సెక్కగానే మినిమం ఛార్జీ మళ్లీ కట్ అవుతుంది, అది అన్యాయం. సియోల్‌లో 2004 నుంచి 30 నిమిషాల్లోపు మారితే మొత్తం దూరాన్ని కలిపి లెక్కేస్తారు, మళ్లీ మొదట్నుంచి వసూలు చెయ్యరు.

ఇంకోటి, లిఫ్టు స్టాపుకి అవతలి వైపు ఉంది. వీల్‌చైర్ వాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు రోడ్డు దాటాలి, చూస్తుంటే భయమేస్తుంది. లిఫ్టుని జరపలేరు సరే, స్టాపుని జరపొచ్చుగా?

మొన్న వానలో ఒక డ్రైవరుగారు మేం మెట్లు దిగి పరుగెత్తుకొస్తుంటే చూసి రెండు నిమిషాలు ఆపారు, పదిహేను మందిమి ఎక్కాం. ఆయన తనంతట తాను చేసిన ఆ పని టైంటేబుల్లోకి రావాలి, ముందు చివరి బస్సుకైనా.