సముద్రంలో కలిసిపోయినవారి పేరు వెతకాలంటే: వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటుపై సమీక్ష

ఓడ మీద పనికి వెళ్లిన పెద్దాయన తిరిగి రాలేదని చెప్పుకునే కుటుంబాలు కోరంగి, తాళ్లరేవు, భీమునిపట్నం వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన ప్రపంచ యుద్ధాల కాలంలో శత్రువు దాడికి గురైన ఓడలో మరణించి ఉంటే, ముందుగా చూడవలసినది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటు అని నా అభిప్రాయం. 1917లో ఏర్పడిన ఈ సంస్థ రెండు యుద్ధాలలో మరణించిన సుమారు 17 లక్షల మంది వివరాలను భద్రపరుస్తోంది. అందులో వెతకడానికి రుసుము లేదు.

మా నాయనమ్మగారి తండ్రి కలకత్తాలో ఓడ ఎక్కిన కళాసీ. కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరంలో ఓడ పేరు ఉంది గాని మరణించిన తేదీ లేదు. తిథి తెలియనందువల్ల ఆయనకు మహాలయ అమావాస్య నాడే పిండం పెడుతూ వచ్చారు. ఇటువంటి కుటుంబాలకు ఈ సేవ విలువ ఆ ఒక్క తేదీలోనే ఉంది.

బ్రిటిష్ వర్తక నావికుల కోసం లండన్‌లో కట్టిన టవర్ హిల్ స్మారకం మీద భారతీయ నావికుల పేర్లు సాధారణంగా కనిపించవు. రెండవ ప్రపంచ యుద్ధంలో సముద్రంలో గల్లంతైన ఆరు వేల మందికి పైగా భారతీయ నావికులను బొంబాయి, చిట్టగాంగు స్మారక గ్రంథాలలో నమోదు చేశారు. మొదటి యుద్ధంలో పోయిన రెండు వేల మందికి పైగా నావికులకు బొంబాయి 1914-1918 స్మారకం ఉంది. అన్వేషణ పేజీలో ఆయా యుద్ధానికి చెందిన స్మారకం పేరును ముందుగా ఎంచుకుంటే వెతకవలసిన పరిధి చాలా తగ్గుతుంది.

మనిషి పేరుతో వెతకడం మాత్రం తెలుగువారికి అంతగా కలిసిరాదు. ఓడ గుమాస్తా చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో రాసుకున్న పేరే రికార్డులోకి ఎక్కింది కాబట్టి, అప్పలస్వామి అనే పేరు ఎన్ని రూపాలలో ఉంటుందో ఊహించలేం. ఇంటిపేరు చాలాచోట్ల ఉండనే ఉండదు. ఓడ పేరు, తేదీలే నమ్మదగిన దారి. ఉదాహరణకు 1942 ఏప్రిల్ 6న జపాను నౌకాదళం విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన రోజే బంగాళాఖాతంలో అనేక వర్తక నౌకలను ముంచివేసింది. వాటిలో మాల్దా, గాందారా, ఇందోరా అనేవి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు. ఆ తేదీని, ఇండియన్ మర్చంట్ నేవీని (వర్తక నౌకల విభాగాన్ని) కలిపి వెతికితే, సారంగు (కళాసీల పెద్ద), టిండాలు (సారంగు కింది మేస్త్రీ), ఫైర్‌మన్ (బాయిలరు మంట చూసేవాడు), భండారీ (వంటవాడు) వంటి హోదాలతో సహా ఆయా ఓడల సిబ్బంది ఒకేచోట కనిపిస్తారు. అదృష్టం ఉంటే వయసు, తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. ఫలితాలను పట్టికగా దించుకుని ఇంట్లో పెద్దవారి ఎదుట పెట్టి చదవడం మంచిది. మనకు తట్టని ఉచ్చారణ వారికి తడుతుంది.

దొరికిన ప్రతి పేరుకూ స్మారక పత్రం ముద్రించుకోవచ్చు. అది చూడముచ్చటగానే ఉంటుంది గాని, తెలుగు రాని సైటు కావడం వల్ల ఇంగ్లీషు చదవలేని వృద్ధులకు పక్కన ఒకరు కూర్చోవలసి వస్తుంది.

పరిమితులు చిన్నవి కావు. తుఫానులోనో, ఓడలో జబ్బు చేసో పోయిన వర్తక నావికులు సాధారణంగా ఇందులో ఉండరు, ఎందుకంటే వారి విషయంలో మరణానికి యుద్ధమే కారణమై ఉండాలి. యుద్ధకాలం కాని రోజుల్లో రంగూను దారిలో గల్లంతైన వారి కోసం ఇక్కడ వెతకడం వృథా శ్రమ. అదీగాక, వలస దేశాల నుంచి మొదటి యుద్ధంలోకి వెళ్లి మరణించిన ఎందరినో సమానంగా స్మరించలేదని కమిషనే 2021లో వెలువడిన నివేదికలో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. కాబట్టి జాబితాలో పేరు లేనంత మాత్రాన ఇంట్లో చెప్పుకున్న మాట కట్టుకథ అనుకోనవసరం లేదు.

మా విషయంలో పేరు, ఓడ, హోదా సరిపోయాయి, తేదీ దొరికింది; ఊరి పేరు మాత్రం లేదు. ఉన్న వివరాలను సరిదిద్దమని, లేనివాటిని చేర్చమని ఆధారాలతో కమిషన్‌కు రాసే అవకాశం ఉంది కాబట్టి, కంపెనీ ఉత్తరం నకలు జతచేసి తాళ్లరేవు పేరు చేర్చమని కోరాం. జవాబు రావలసి ఉంది. ఈలోగా 1942 నాటి పంచాంగం సంపాదించి తిథి చూడమని మా పురోహితుడుగారికి చెప్పాం.