నాన్న కళ్ళ మీద కన్నేసిన కెమెరా: పద్నాలుగు నెలల వాడకం

నాన్నకి మధ్యాహ్నం భోజనం చేశాక కునుకు పట్టే అలవాటుంది. అందుకే ఆయన కారులో డ్రైవర్ మొహాన్ని గమనించే కెమెరా పెట్టించాను. ధర, బిగింపు, యాప్ సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను.

నా బాధ ఒక్కటే. తల ఎటు తిరిగిందో, రెప్ప వాలిందో లేదో దీనికి తెలుస్తుంది. ధ్యాస ఎక్కడుందో తెలియదు.

పోయిన డిసెంబరులో విశాఖ నుంచి అరకు వెళ్ళాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే, మలుపు వచ్చినప్పుడల్లా నాన్న తల బాగా పక్కకి తిప్పి పైనుంచి బస్సేమైనా దిగుతోందా అని చూస్తున్నారు. ఘాట్ రోడ్డులో అలాగే చూడాలి. తిప్పిన ప్రతిసారీ, రోడ్డు చూడటం లేదనుకుని కెమెరా బీప్! అనంతగిరి దగ్గర ఒక మలుపులో ఆ మోతకి ఉలిక్కిపడి కెమెరా వైపు చూశారు. సరిగ్గా అప్పుడే ఎదురుగా జీపు. సడన్ బ్రేక్ వేశారు, ఏమీ కాలేదు గానీ నా చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో పెందుర్తి దగ్గర ఇంకో సంగతి. నాన్న తల నిటారుగా ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, కెమెరా కిక్కురుమనలేదు. వెనక సీటు మధ్యలో కూర్చున్న అమ్మ మాత్రం, "ఏమండీ, ఏం ఆలోచిస్తున్నారు? పక్కకి ఆపండి, టీ తాగుదాం" అంది. ఎలా కనిపెట్టావని అడిగాను. "అద్దంలో చూశాను. నల్లగుడ్లు కదలడం లేదు" అంది. నిజమే, రోడ్డు మీద ధ్యాస ఉన్నవాళ్ళ చూపు అద్దాల మీదికి, పక్కబండ్ల మీదికి పోయి వస్తూనే ఉంటుంది. ఆలోచనలో పడితే ఎదురుగా ఒకేచోట నిలిచిపోతుంది. మనిషి కంట్లో నల్లగుడ్డు చుట్టూ అంత తెలుపు ఉండబట్టే ఎదుటివాళ్ళ చూపు మనకి ఇట్టే తెలిసిపోతుంది. ఏడాది పిల్లలు కూడా అమ్మ ఎటు చూస్తే అటే చూస్తారు.

కొన్న కొత్తలో ఎంవీపీ కాలనీలో మా వీధి వాళ్ళందరికీ దీన్ని కొనమని చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పలేను. కాకపోతే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఉంది కాబట్టి చీకట్లో బాగా పనిచేస్తుంది. శ్రీకాకుళంలో పెళ్ళి చూసుకుని రాత్రి వస్తుంటే, ఆనందపురం దగ్గర నాన్న రెప్పలు వాలగానే మోగింది. నేను పక్క సీట్లోనే నిద్రపోతున్నాను. ఆ ఒక్క రాత్రి కోసమే దీన్ని ఇంకా తీసేయలేదు.

మా ఇంట్లో డ్రైవరుకి అరవై ఏడేళ్ళు, హైవే ప్రయాణాలు ఎక్కువ. అందుకని మాకు పనికొచ్చింది. విశాఖ ఊళ్ళోనే గాజువాక, ఎన్ఏడీ మధ్య ఆఫీసుకి తిరిగే కుర్రవాళ్ళకి అవసరమా అంటే ఏమో మరి.

సంక్రాంతికి మళ్ళీ అరకు అంటున్నారు. ఘాట్ మొదలవగానే కెమెరా ఆపేస్తాను. అమ్మది మాత్రం వెనక సీటు మధ్యలోనే.