బయోస్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే ఏది మేలు: ఫ్లాష్‌బ్యాక్ బటనా, ప్రోగ్రామరా, రిపేరు షాపా, కొత్త బోర్డా?

సిద్దిపేటలో మా బావగారికి డీటీపీ షాపు ఉంది. అక్కడి కంప్యూటర్ మదర్‌బోర్డు బీ450, దానిలో ఉన్నది రైజెన్ 2000 సిరీస్ ప్రాసెసర్. దాని స్థానంలో రైజెన్ 5 5600 వేద్దామనుకున్నాం. బోర్డు పాతది కాబట్టి, కొత్త ప్రాసెసర్‌ను గుర్తించాలంటే ముందు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయాలి. మే నెల, మధ్యాహ్నం. పెన్‌డ్రైవ్‌లో ఫైల్ పెట్టి, బయోస్‌లోకి వెళ్లి మొదలుపెట్టాను. సగం దాటాక కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. కరెంటు వచ్చాక బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి గానీ కీబోర్డు లైటు వెలగలేదు, మానిటర్‌లో ‘నో సిగ్నల్’ తప్ప ఇంకేమీ లేదు. బయట పెళ్లిపత్రికల కోసం వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. బావగారి టెన్షన్ చూసి నాకు చేతులు ఆడలేదు.

ఆ వారం రోజుల్లో తెలుసుకున్నదీ, ఆ తర్వాత ఇంకో మూడు బోర్డులతో పడ్డ అనుభవమూ కలిపి ఇది రాస్తున్నాను. ఇలా ఆగిపోయిన బోర్డును లేపడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. ఏది మేలన్నది మీ బోర్డును బట్టి, మీ దగ్గరున్న సమయాన్ని బట్టి మారుతుంది.

ముందు, బోర్డు నిజంగా పోయిందా?

అప్‌డేట్ పూర్తయ్యాక డిస్‌ప్లే రాకపోతే బయోస్ చెడిపోయిందని వెంటనే అనుకోవద్దు. కొత్త బయోస్ మొదటిసారి ర్యామ్‌ను మళ్లీ పరీక్షించి సర్దుకుంటుంది. డీడీఆర్5 ర్యామ్ వాడే బోర్డుల్లో, ముఖ్యంగా కొత్త రైజెన్‌ల ఏఎం5 సాకెట్ ఉన్నవాటిలో, దీనికి కొన్ని నిమిషాలు పట్టడం మామూలే. తెర నల్లగా ఉందని స్విచ్ కట్టేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. పదిహేను నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి.

అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసేసి, బోర్డు మీదున్న గుండ్రని సీఆర్2032 బ్యాటరీని పది నిమిషాలు బయట ఉంచి మళ్లీ పెట్టండి. పాత గ్రాఫిక్స్ కార్డు వాడేవాళ్లు ఇంకొకటి కూడా చూడాలి. అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ మొదటికొచ్చి సీఎస్ఎం (పాత పద్ధతి పరికరాలను నడిపించే ఏర్పాటు) ఆగిపోతే, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి తెలియని పాత కార్డు బొమ్మ చూపించదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కేబుల్‌ను బోర్డు పోర్టుకు మార్చి చూడండి. లేకపోతే ఇంకో కార్డు అడిగి తెచ్చుకోండి. బోర్డు బాగానే ఉండి, కార్డు మాత్రమే మూగబోయిన కేసు నేనొకటి చూశాను. వాళ్లు అప్పటికే కొత్త బోర్డు కొనేశారు.

మా విషయంలో అనుమానమే లేదు, రాత సగంలో ఆగింది. బయోస్ ఉండేది ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్‌లో. ఈ మధ్య బోర్డుల్లో దాని పరిమాణం ఎక్కువగా 16 లేదా 32 మెగాబైట్లు. పాతది చెరిపి కొత్తది రాస్తున్నప్పుడు ఆగితే అందులో అదీ ఉండదు, ఇదీ ఉండదు. ప్రాసెసర్‌కు మొదటి ఆదేశం ఇచ్చేదే లేకపోతే మిగతా భాగాలన్నీ బాగున్నా బోర్డు లేవదు. అంటే చెడింది అందులోని రాత, బోర్డు కాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం భయం పోతుంది.

బటన్ ఉంటే వేరే ఆలోచన వద్దు

బోర్డు వెనక ప్యానెల్ మీద ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో చూడండి. ఆసుస్ దాన్ని బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటుంది, గిగాబైట్ క్యూ-ఫ్లాష్ ప్లస్ అంటుంది, ఎంఎస్ఐ ఫ్లాష్ బయోస్ బటన్ అంటుంది. పేరేదైనా పని ఒకటే. బోర్డు మీద దీనికోసం వేరే చిన్న కంట్రోలర్ ఉంటుంది. పవర్ సప్లై ఇచ్చే స్టాండ్‌బై కరెంటుతోనే అది నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి ఫైల్ తీసుకుని చిప్‌లో తనే రాసేస్తుంది. ప్రాసెసర్, ర్యామ్ పెట్టకపోయినా చేస్తుంది కాబట్టి చెడిపోయిన బయోస్‌తో దానికి పని లేదు.

ఖర్చు లేదు, విప్పాల్సిందీ లేదు, వారంటీకి ఇబ్బంది లేదు. చాలామంది తప్పేది పెన్‌డ్రైవ్ దగ్గరే. అది ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉండాలి. 8 లేదా 16 జీబీ పాత యూఎస్‌బీ 2.0 డ్రైవ్ అయితే నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఫైల్ పేరు కూడా కంపెనీ చెప్పినట్టే ఉండాలి. ఎంఎస్ఐకి ‘ఎంఎస్ఐ’, గిగాబైట్‌కు ‘గిగాబైట్’ అని ఇంగ్లిష్‌లో మార్చాలి. ఆసుస్ అయితే డౌన్‌లోడ్‌తోపాటే పేరు మార్చే చిన్న ప్రోగ్రామ్ ఇస్తుంది. ఏదో ఒక యూఎస్‌బీ పోర్టులో పెడితే కుదరదు, ఆ పని కోసం గుర్తు వేసిన పోర్టులోనే పెట్టాలి. ఆసుస్ బోర్డులో బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే లైటు మూడుసార్లు మెరుస్తుంది. ఆ తర్వాత రాత పూర్తయి లైటు ఆరిపోయేదాకా ముట్టుకోకూడదు. లైటు కాసేపు మెరిసి అలాగే వెలుగుతూ నిలిచిపోతే ఫైలో, డ్రైవో సరిగా లేదని అర్థం.

బటన్ లేకపోయినా మాన్యువల్ ఒకసారి తిరగేయండి. కొన్ని గిగాబైట్ బోర్డుల్లో రెండో బయోస్ చిప్ ఉంటుంది, మొదటిది చెడితే అది ఆదుకుంటుంది. ఆసుస్ బోర్డుల్లో క్రాష్‌ఫ్రీ అనే ఏర్పాటు ఉంటుంది. బయోస్‌లో మొదటి భాగం బతికి ఉంటే అది పెన్‌డ్రైవ్‌లో ఫైల్ కోసం వెతుకుతుంది. స్విచ్ వేశాక పెన్‌డ్రైవ్ లైటు మిణుకుమిణుకుమంటే ఆశ ఉన్నట్టే.

మా బోర్డులో ఇవేవీ లేవు. తక్కువ ధర బోర్డుల్లో మిగిల్చేది ఇలాంటి వాటి మీదే.

ప్రోగ్రామర్ కొనాలా, షాపుకు ఇవ్వాలా?

అసలు తర్జనభర్జన ఇక్కడే. సీహెచ్341ఏ అనే యూఎస్‌బీ ప్రోగ్రామర్, చిప్‌ను పట్టుకునే క్లిప్‌తో కలిపి ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే వస్తుంది. క్లిప్‌ను చిప్ మీద బిగించి, ఇంకో కంప్యూటర్ నుంచి నేరుగా కొత్త బయోస్ రాయవచ్చు. లినక్స్‌లో ఫ్లాష్‌రామ్, విండోస్‌లో ఏఎస్‌ప్రోగ్రామర్ లాంటివి వాడతారు. వీడియోల్లో చూస్తే పది నిమిషాల పని. నేనూ అలాగే ఆర్డర్ పెట్టాను.

అది వచ్చాక చిప్ మీద నంబరు భూతద్దంతో చదివాను. 25క్యూ128ఎఫ్‌డబ్ల్యూ. చివరి అక్షరం డబ్ల్యూ కాకుండా వీ అయి ఉంటే అది 3.3 వోల్టుల చిప్. డబ్ల్యూ అంటే 1.8 వోల్టులది. ఆ ఒక్క అక్షరం చూడకుండా నేరుగా క్లిప్ బిగించి ఉంటే చిప్ కాలిపోయే ప్రమాదం ఉండేది. మా బోర్డులాంటి ఏఎం4 సాకెట్ బోర్డుల్లో ఈ 1.8 వోల్టుల చిప్‌లు చాలా ఉన్నాయి. మ్యాక్రోనిక్స్ చిప్ అయితే నంబరులో 25ఎల్ అంటే మూడు వోల్టుల రకం, 25యూ అంటే 1.8 రకం. 1.8 వోల్టుల చిప్‌లకు వోల్టేజి తగ్గించే అడాప్టర్ తప్పనిసరి. నా కిట్‌లో అది లేదు. పైగా ఎక్కువగా దొరికే నల్ల సీహెచ్341ఏలో ఇంకో లోపం ఉంది. చిప్‌కు కరెంటు 3.3 వోల్టులే ఇచ్చినా, డేటా తీగల మీద 5 వోల్టులు పంపిస్తుంది. చాలామందికి దానితోనే పని జరిగిపోతోంది నిజమే, కానీ మనిషి బతుకుదెరువు ఆధారపడ్డ బోర్డు మీద దాన్ని పరీక్షించడానికి నాకు మనసొప్పలేదు.

ఇంతటితో అయిపోదు. క్లిప్ సరిగా పట్టదు, ప్రతిసారీ వేరే డేటా చదువుతుంది. చిప్‌కు ఇచ్చే కరెంటును బోర్డులోని మిగతా భాగాలు లాక్కుంటాయి. కంపెనీ సైట్‌లో దొరికే ఫైల్‌ను అలాగే రాయకూడని బోర్డులూ ఉన్నాయి. ఆసుస్ ఇచ్చే క్యాప్ ఫైల్‌కు ముందు సాధారణంగా 2048 బైట్ల తలకట్టు ఉంటుంది, దాన్ని తీసేస్తేనే అసలు బయోస్ మిగులుతుంది. ఇంటెల్ బోర్డుల్లో అదే చిప్‌లో మేనేజ్‌మెంట్ ఇంజిన్ (ఇంటెల్ సొంత నియంత్రణ ప్రోగ్రామ్) భాగం ఉంటుంది. ఇంటెల్ నెట్‌వర్క్ ఉన్నవాటిలో మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ బోర్డును గుర్తించే నంబరు) కూడా అక్కడే ఉంటుంది. బ్యాకప్ లేకుండా అంతా తుడిచేస్తే బోర్డు లేస్తుంది, నెట్ మాత్రం మొండికేస్తుంది. అందుకే రాసే ముందు రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయని చూసుకుని దాచుకోవాలి. సగం చెడిన చిప్‌లో కూడా ఈ భాగాలు చాలాసార్లు క్షేమంగానే ఉంటాయి.

అందుకని బోర్డు పట్టుకుని సికింద్రాబాద్ బస్సెక్కాను. ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల చిప్ లెవల్ రిపేరు చేసే షాపులున్నాయి. ఒక షాపులో కుర్రాడు చిప్ నంబరు చూడగానే “ఇది వన్ పాయింట్ ఎయిట్ అన్నా” అని డ్రాయరులోంచి అడాప్టర్ తీశాడు. గంటలో బోర్డు లేచింది, ఆరొందలు తీసుకున్నాడు. బస్సు చార్జీలు, ఒక రోజు పని పోవడం కలుపుకున్నా బోర్డు ధరతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

షాపులోనూ మంచీ చెడూ ఉంటాయి. అంతకుముందు వెళ్లిన ఇంకో షాపులో చిప్ నంబరు కూడా చూడకుండా “బోర్డు డెడ్, మార్చాల్సిందే” అన్నారు. కాబట్టి ఇచ్చేముందు మూడు మాటలు అడగండి: పాత డేటా ముందు చదివి నాకు కాపీ ఇస్తారా, ఏ వెర్షన్ రాస్తారు, నా ప్రాసెసర్, ర్యామ్ పెట్టి నా ముందే చూపిస్తారా. వీటికి సరిగా జవాబు చెప్పినవాడికి ఇవ్వండి. పాత బోర్డు అయి చిప్ సాకెట్‌లో కూర్చుని ఉంటే ఇంకా సులువు. బోర్డు మోయక్కర్లేదు, చిప్ ఒక్కటి ఊడదీసి తీసుకెళ్తే చాలు.

నా మాట: ఒక్క కంప్యూటర్ కోసమైతే షాపే మేలు. స్కూలు ల్యాబో, ఇంటర్నెట్ సెంటరో నడుపుతూ పది యంత్రాలు చూసుకునేవాళ్లయితే, వోల్టేజి మార్చుకునే వీలున్న ప్రోగ్రామర్, 1.8 వోల్టుల అడాప్టర్ కొనుక్కుని, ముందు పనికిరాని బోర్డు మీద చేయి తిరిగేలా నేర్చుకోండి. ఇప్పుడు నా దగ్గర రెండూ ఉన్నాయి, తర్వాతి మూడు బోర్డులూ ఇంట్లోనే లేపాను. బోర్డు వారంటీలో ఉంటే మాత్రం క్లిప్ పెట్టకండి, షాపుకూ ఇవ్వకండి. రోజులు పట్టినా ముందు సర్వీస్ సెంటర్‌నే అడగండి.

కొత్త బోర్డు

ఇది ఆఖరి దారి. తొందరలో ఉన్నవాళ్లకు ఇదే ముందు తోస్తుంది. బావగారూ మొదటిరోజే “పోనీ, కొత్తది కొనేద్దాం రా” అన్నారు. కానీ బోర్డు మారితే విండోస్ యాక్టివేషన్ పోవచ్చు, కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ అయితే కొత్త బోర్డుకు రాదు. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ అడుగుతుంది. చిప్ మొత్తం తిరగరాసినా, ప్రాసెసర్ మార్చినా ఇదే జరగవచ్చు. రైజెన్ బోర్డులు అప్పుడు ఎఫ్‌టీపీఎం (అలాంటి తాళాల రహస్యాలు దాచే భాగం) రీసెట్ చేయాలా అని అడుగుతాయి. కీ చేతిలో లేకుండా అక్కడ వై నొక్కకండి. ముందు మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందేమో చూసుకోండి.

సాకెట్ కాళ్లు వంగిపోవడం, బోర్డు కాలిన వాసన రావడం లాంటి వేరే దెబ్బ కూడా ఉంటే కొత్త బోర్డుకే వెళ్లండి. అప్పుడు ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నదే అడిగి తీసుకోండి.

ఇప్పుడు షాపులో రైజెన్ 5600 నడుస్తోంది, యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేశాం. షాపు కుర్రాడు చదివి ఇచ్చిన పాత ఫైల్ ఉన్న పెన్‌డ్రైవ్ మదర్‌బోర్డు డబ్బాలోనే పెట్టాం. దానిమీద చిప్ నంబరు, 1.8 వోల్టులు అని బావగారు స్కెచ్ పెన్నుతో రాసి అంటించారు.