ఏడేళ్లుగా వాడుతున్న పోత ఇనప పెనం: ఆదివారం రాత్రి చేప వేపుడు, పక్కన కొబ్బరిపాల ఆనపకాయ

పెనం మీద వంజరం ముక్క వేశాక నాలుగు నిమిషాలు దాన్ని ముట్టుకోకుండా నిలబడటం నాకు అలవాటు కావడానికి ఏడాది పట్టింది. అట్లకాడ చేతిలో ఉంటే ఊరుకోలేం కదా. మాడుతోందేమో, అంటుకుందేమో, కొంచెం ఎత్తి చూద్దామా అని ఒకటే టెన్షన్. ఎత్తి చూసిన ప్రతిసారీ ముక్క కింది పొర పెనానికి ఉండిపోయేది, మిగతాది అట్లకాడ మీదకి వచ్చేది. మొదటి నెలలో నేను చేసినదాన్ని వేపుడు అనకూడదు, చేప పొరటు అనాలి.

పెనం 2018 డిసెంబరులో ఆన్‌లైన్లో కొన్నాను. పదంగుళాల వెడల్పు, రెండంగుళాల అంచు, రెండు కిలోల పైచిలుకు బరువు. అంతకుముందు మూడేళ్లలో రెండు నాన్‌స్టిక్ పెనాలు పైపూత లేచిపోయి చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఇక కొంటే ఇనపదే కొనాలనుకున్నాను. మా ఆవిడకి ఆదివారాలు ఆస్పత్రిలో మధ్యాహ్నం డ్యూటీ, ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. ఆ రాత్రి వంట నాది. వారానికి ఒక్కసారి చొప్పున ఏడేళ్లు, అంటే మూడొందల సార్లకు పైగా దీని మీద చేపో రొయ్యలో వేయించి ఉంటాను. ఆ లెక్కతోనే రాస్తున్నాను.

పెట్టె మీద ‘ముందే సీజనింగ్ చేసినది, నేరుగా వాడుకోవచ్చు’ అని ఉంది. నమ్మకండి. పెనం మీద నూనె పల్చగా రాసి బాగా కాచినప్పుడు ఆ నూనె గట్టిపడి, నల్లటి పొరలా ఇనుముని పట్టుకుంటుంది. అదే సీజనింగ్. ఫ్యాక్టరీలో వేసిన పొర నాకు దోసెకైతే సరిపోయింది కానీ చేపకి సరిపోలేదు. వీడియోలు చూసి అవిసె నూనె తెచ్చి ఆరు పూతలు వేశాను. అద్దంలా మెరిసింది. రెండు నెలలకి పొలుసులుగా రాలడం మొదలైంది, వేపుడులో నల్లటి రేకులు. అంతా గీకేసి, వంటకి వాడే వేరుశనగ నూనెతోనే మళ్లీ మొదలుపెట్టాను. నూనె రాయాలి, రాసింది మొత్తం తుడిచేయాలి, ‘ఇంకేం మిగిలింది’ అనిపించేంతగా తుడిచి అప్పుడు కాచాలి. నూనె ఎక్కువైతే జిగురుగా బంక కడుతుంది. ఆ తర్వాత నిజమైన పొర వేసింది వేపుళ్లే. ఏడాది తిరిగేసరికి పెనం నున్నబడింది.

అసలు చిక్కు మంట దగ్గర. విదేశీ వీడియోల్లో ఇనప పెనాన్ని పొగలొచ్చేదాకా కాచి చేప వేయమంటారు. వాళ్లు చేపకి పట్టించేది ఉప్పూ మిరియాలే కాబట్టి వాళ్లకి నడుస్తుంది. మనం కారం, పసుపు, ధనియాల పొడి, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టిస్తాం. పొగలు కక్కే పెనం మీద ఆ మసాలా నిమిషంలో బొగ్గవుతుంది, లోపల చేప పచ్చిగానే ఉంటుంది, ఇంట్లో వాళ్లందరికీ దగ్గు. అలాగని సన్న మంట మీద పెడితే ముక్కలోంచి నీరు ఊరి, వేగడం మానేసి ఉడుకుతుంది. ఉడికే చేప పెనాన్ని పట్టుకుంటుంది.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. పెనాన్ని మధ్యస్తం మంట మీద ఆరు నిమిషాలు ఖాళీగా వదిలేస్తాను. ఇనుము అల్యూమినియంలా వేడిని చకచకా పాకనివ్వదు. బర్నర్ పైన ఉన్న చోట మండిపోతూ, అంచు దగ్గర చల్లగా ఉంటుంది. అందుకే తొందరపడి పెద్ద మంట పెడితే మధ్య ముక్క మాడుతుంది, పక్క ముక్క పాలిపోతుంది. నిదానంగా కాగితే మాత్రం ఆ వేడి పట్టుకుని ఉంటుంది. చల్లటి ముక్కలు నాలుగు ఒకేసారి వేసినా చప్పబడదు. పల్చటి నాన్‌స్టిక్ మీద ఇది కుదరదు, రెండో ముక్క వేసేసరికే చుయ్‌మనే శబ్దం ఆగిపోతుంది. నూనె మూడు చెంచాలు పోసి, కరివేపాకు రెబ్బ ఒకటి వేస్తే వెంటనే చిటపటలాడాలి. అప్పుడు ముక్కలు.

చేప వైపు చేసే పని కూడా తక్కువేం కాదు. నేను రాంనగర్ చేపల మార్కెట్‌కి పొద్దున్నే వెళ్తాను. హైదరాబాద్‌కి సముద్రం చేప ఐసులో వస్తుంది కాబట్టి కన్ను ఎలా ఉందో, మొప్ప ఎర్రగా ఉందో లేదో చూసుకోవాల్సిందే. అమ్మే ఆవిడ ‘తాజాదే అన్నా’ అంటుంది. అనకుండా ఎలా ఉంటుంది? వంజరమైతే వేలు మందాన అడ్డంగా కోయించుకుంటాను. ఇంటికొచ్చాక రాళ్ల ఉప్పు, పసుపు వేసి రుద్ది కడిగి, పాత పంచె గుడ్డతో ఒక్కో ముక్కా తడి లేకుండా అద్దుతాను. మసాలాలో అల్లంవెల్లుల్లి ముద్ద సగానికి తగ్గించాను, ఎందుకంటే మాడేదీ అంటుకునేదీ ముందు అదే. నిమ్మరసం కలపను, తినేటప్పుడు పిండుకోవచ్చు. అరగంట నానాక, వేసే ముందు బియ్యప్పిండి పల్చగా అద్దుతాను.

ఇక ఆ నాలుగు నిమిషాలు. వేసిన క్షణంలో ముక్క పెనానికి అంటుకుంటుంది, అది మామూలే. కింద తడి ఆరి పొర గట్టిపడ్డాక తనంతట తనే వదులుతుంది. దాన్ని చెవితో పట్టుకోవచ్చు. మొదట గోలగోలగా ఉన్న శబ్దం కాస్త సన్నబడి, విడివిడి చిటపటల్లోకి వస్తుంది. ముక్క అంచు చుట్టూ ఎర్రటి గీత కనిపిస్తుంది. అప్పుడు పెనాన్ని మసిగుడ్డతో పట్టుకుని కొంచెం కదిపితే ముక్క జారుతుంది. జారలేదంటే ఇంకో అర నిమిషం ఆగాలి. తిరగేశాక మూడు నిమిషాలు చాలు. చందువాకి ఇంకా తక్కువ. దాని తోలు పల్చన, ఇప్పటికీ నాకు నాలుగు చందువాల్లో ఒకటి చిరుగుతుంది. ఆ ఒక్కటీ నా పళ్లెంలోకి వెళ్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం, 61 రోజులు. ఆ రోజుల్లో వంజరం దొరికినా ధర చూసి వెనక్కి వచ్చేస్తాను. అప్పుడు వెనామీ రొయ్యలు. ఇవి చెరువుల్లో పెంచేవి, పసిఫిక్ తీరపు జాతి, 2009లో మన దేశంలో పెంపకానికి అనుమతి వచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల రూపమే మార్చేశాయి. కొనేటప్పుడు కౌంట్ అడగండి. 30 కౌంట్ అంటే కిలోకి ముప్పై తూగేవి. ఈ పెనానికి అవే సరైన సైజు. అరవై కౌంట్‌వి అట్లకాడతో తిప్పేలోపే గట్టిపడిపోతాయి. రెండు వైపులా కలిపి నాలుగు నిమిషాలు, అంతే. వంపు తిరిగినప్పుడు దించాలి, చక్రంలా ముడుచుకుపోయిందంటే రబ్బరే.

పక్కన కూర గురించి చెప్పాలంటే మా అత్తయ్యగారి గురించి చెప్పాలి. వేపుడు పొడిగా ఉంటుంది కాబట్టి అన్నంలోకి మెత్తగా, పాలపాలగా ఏదైనా ఉండాలని నాకు మొదట్నుంచీ ఉండేది. మా ఇళ్లల్లో ఆనపకాయ పాలు పోసిన కూర ఉండనే ఉంది. ఒక ఆదివారం అదే చేశాను. కోనసీమ నుంచి అప్పుడే వచ్చిన మా అత్తయ్యగారు గిన్నె మూత తీసి చూసి, ‘‘పాలు పోశారా అల్లుడుగారూ? చేపలు తిని పాలు ముట్టుకోకూడదండి, బొల్లి వస్తుంది’’ అన్నారు. చేపలూ పాలూ కలపొద్దని చరక సంహితలో ఉన్న మాట నిజమే. బొల్లి మాత్రం ఒంట్లోని రక్షణ వ్యవస్థ రంగునిచ్చే కణాల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది, చేపల వల్ల కాదు. ఇది నాకు చెప్పింది ఆస్పత్రిలో పనిచేసే మా ఆవిడ, అంటే ఆవిడ కూతురే. కానీ అత్తగారితో వాదించి గెలిచి తిన్న అన్నం అరగదు. ఆ రాత్రి కూర నేనొక్కడినే తిన్నాను. మరుసటి వారం ఆవిడే, ‘‘కొబ్బరిపాలు పోయండి, దానికేం దోషం లేదు’’ అని దారి చూపించారు. ఇప్పుడు అడిగితే నిజమే చెప్తాను, ఆవుపాల కూర కంటే ఇదే బాగుంది. చేప పక్కన కొబ్బరి ఎప్పుడూ పరాయిది కాదు.

అరకిలో లేత ఆనపకాయ. ఇక్కడ బండి అతన్ని సొరకాయ అని అడుగుతాను, ఇంట్లోకి వచ్చాక అది మళ్లీ ఆనపకాయ. గోరు గుచ్చితే దిగాలి. ఒక కొబ్బరికాయ తురిమి, అర గ్లాసు గోరువెచ్చని నీళ్లతో మిక్సీ పట్టి పిండితే చిక్కటి మొదటి పాలు. అదే పిప్పిలో గ్లాసు నీళ్లు పోసి మళ్లీ పిండితే రెండో పాలు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు, దంచిన అల్లం, చీల్చిన పచ్చిమిర్చి నాలుగు. ముక్కలు వేసి ఉప్పు చల్లి మూత పెడితే దాని నీరు అదే వదులుతుంది. సగం మగ్గాక రెండో పాలు పోసి మెత్తబడేదాకా ఉడికించాలి. మొదటి పాలలో చెంచా బియ్యప్పిండి కలిపి చివర్లో పోసి, అంచున బుడగ కనిపించగానే దించేయాలి. మరగనిస్తే విరిగినట్టయి నూనె, నీళ్లు వేరవుతాయి. నాకు మూడుసార్లు అలా అయింది, మూడుసార్లూ చేప తిప్పుతూ ఇటు మర్చిపోయినందుకే. అందుకే ఇప్పుడు కూర పూర్తయ్యాకే పెనం పొయ్యి మీద పెడతాను. కూర ఆగుతుంది, వేపుడు ఆగదు.

కూర మాత్రం ఈ పెనంలో చేయను, స్టీలు మూకుట్లోనే. ఒకసారి అత్యాశకి పోయి ఇందులోనే చేపల పులుసు పెట్టాను. చింతపండు పులుపు పైపొరని తినేసి ఇనుముని తాకింది. పులుసు నల్లగా మారింది, నాలుక మీద తాళంచెవి పెట్టుకున్నట్టు రుచి. పెనం మళ్లీ బూడిదరంగుకి వచ్చింది, కోలుకోవడానికి నెల పట్టింది. పులుసుకి మట్టి దాకని మించింది లేదు.

ఇక తిట్టాల్సినవి. ఒకటి, వాసన. చేప వేయించిన పెనం మీద మర్నాడు దోసె వేస్తే దోసెకి చేప కబురు చేరుతుంది. శనగపిండి వేసి రుద్దినా, ఉప్పు కాచినా పూర్తిగా పోదు. కాబట్టి ఇది చేపల పెనమే, ఇంకో పనికి రాదు. శాకాహారులు కూడా ఉన్న ఇల్లయితే ఇదొక్కటే చాలు కొనకపోవడానికి. రెండు, పిడి. పెనంతో పాటు పోతపోసిన ఇనప పిడే కాబట్టి అదీ కాలుతుంది. నా ఎడమ అరచేతిలో 2019 నాటి మచ్చ ఇంకా ఉంది. మూడు, బరువు. మా అత్తయ్యగారు దీన్ని రెండు చేతులతో కూడా ఎత్తలేరు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. నాలుగు, నలుగురికి రెండు వాయిలు వేయాలి, రెండో వాయి వేగేలోపు మొదటి వాయి సగం ఖాళీ. ఇండక్షన్ పొయ్యి మీద పనిచేస్తుంది కానీ ఈడ్చకండి, గాజు మీద గీతలు పడతాయి.

తుప్పు సంగతి కూడా. ఒక సంక్రాంతికి ఊరెళ్తూ కడిగి, ఆరకుండానే అలమరలో పెట్టేశాను. పది రోజులకి వచ్చి చూస్తే ఇటుక రంగు. భయపడక్కర్లేదు. పీచు, రాళ్ల ఉప్పు పెట్టి రుద్ది, కడిగి, పొయ్యి మీద కాచి, నూనె తుడిస్తే ఆ సాయంత్రానికే వాడకంలోకి వచ్చింది. రోజువారీ పని మూడు నిమిషాలే. వేడిగా ఉండగానే గోరువెచ్చని నీళ్లు పోసి గీకడం, ఒక చుక్క సబ్బు (సబ్బు తగలకూడదనేది ఉత్త మాట), మంట మీద తడి ఆర్చడం, నూనె గుడ్డతో తుడవడం. పని అమ్మాయికి మాత్రం వదలను. ఒకసారి రాత్రంతా నీళ్లల్లో నానబెట్టింది. తప్పు ఆమెది కాదు, సింకులో పెట్టినవాణ్ణి నేను.

పదిహేను వందలకి కొన్న వస్తువు ఇంతకాలం వచ్చి, కొన్నప్పటి కంటే ఇప్పుడే బాగా పనిచేస్తోంది. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో, వారానికోసారైనా చేప తినేవాళ్లయితే కళ్లు మూసుకుని కొనండి. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ సగం పిడి కింద తగ్గించాను.

నలుగురం తింటున్నాం కదా, పెద్దది ఇంకోటి తెచ్చుకోమని మా ఆవిడ పోరుతోంది. మొన్న కొట్లో పన్నెండంగుళాలది ఎత్తి చూశాను. చూసి, మెల్లగా అరలో పెట్టేసి వచ్చాను.