మినహాయింపుల జాబితా కోడ్‌లోకి వచ్చాక: క్లౌడ్ ఫైర్‌వాల్‌లో టీఎల్ఎస్ ఇన్‌స్పెక్షన్, చాలాకాలం వాడిన అనుభవం

టీఎల్ఎస్ ఇన్‌స్పెక్షన్‌ని, అంటే ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ని ఫైర్‌వాల్ మధ్యలో విప్పి చూసే పద్ధతిని, టెర్రాఫామ్‌తో (క్లౌడ్ సెట్టింగ్స్‌ని కోడ్‌గా రాసుకునే టూల్) పెట్టుకుని చాలాకాలంగా నడుపుతున్నాం. ఇందులో నా మనసు గెలుచుకున్నది ఒక్కటే. ఏ సైట్ల ట్రాఫిక్‌ని విప్పి చూడకూడదో చెప్పే మినహాయింపుల జాబితా. క్లౌడ్ వెబ్ కన్సోల్‌లో ఉన్నప్పుడు దాన్ని పట్టించుకునేవాళ్లే ఉండరు. ఏ డొమైన్ ఎవరు చేర్చారో, ఎందుకు చేర్చారో ఎవరికీ గుర్తుండదు. తీసేస్తే ఏం ఆగిపోతుందోనన్న భయంతో ఎవరూ ముట్టుకోరు. అదే జాబితా కోడ్‌లోకి వచ్చాక ప్రతి డొమైన్ పక్కనా ఒక కారణం, అడిగిన టీమ్ పేరు, గడువు తేదీ ఉంటున్నాయి. పుల్ రిక్వెస్ట్‌లో (కోడ్ మార్పుకి ఆమోదం అడిగే చోటు) ఇంకొకరు చూసి ఒప్పుకుంటే గానీ కొత్తది చేరదు. భద్రత పనిలో ఇంత ఊరట ఇచ్చిన మార్పు నాకు ఇంకొకటి గుర్తు రావట్లేదు.

మేం దీన్ని సర్వర్ల నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్‌కే పెట్టాం. విప్పకపోతే ఫైర్‌వాల్ చూసి నిర్ణయం తీసుకోగలిగేది కనెక్షన్ కుదుర్చుకునే హ్యాండ్‌షేక్ మొదట్లో ఎస్ఎన్ఐ అనే ఫీల్డ్‌లో వచ్చే డొమైన్ పేరు వరకే. గిట్‌హబ్‌కి అనుమతి ఇచ్చామంటే మా రిపాజిటరీలకే కాదు, ఊరందరి రిపాజిటరీలకీ ఇచ్చినట్టే. మా ఆర్గనైజేషన్ పాత్ వరకే వదలాలంటే పూర్తి యూఆర్ఎల్ కనిపించాలి, అంటే విప్పక తప్పదు. 2018లో ప్రమాణమైన టీఎల్ఎస్ 1.3లో సర్వర్ సర్టిఫికెట్ కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది కాబట్టి, విప్పకుండా పసిగట్టే దారులు ఇంకా తగ్గిపోయాయి.

సెటప్ వివరాలు డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి, వాటి జోలికి పోను. విప్పి చూడాలంటే ఫైర్‌వాల్ ప్రతి సైట్ పేరు మీదా తనే సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికి ఒక సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే అథారిటీ) కావాలి. అజూర్‌లో ఇంటర్మీడియట్ సీఏని (రూట్ సీఏ కింద ఉండేది) కీ వాల్ట్‌లో పెడతారు, ఏడబ్ల్యూఎస్‌లో సీఏ సర్టిఫికెట్‌ని ఏసీఎం అనే సర్టిఫికెట్ మేనేజర్‌లోకి ఇంపోర్ట్ చేస్తారు, గూగుల్‌లో సీఏ పూల్‌ని చూపిస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. టెర్రాఫామ్ టీఎల్ఎస్ ప్రొవైడర్‌లోని ప్రైవేట్ కీ రిసోర్స్‌తో సీఏ కీ తయారు చేస్తే, అది తాను సృష్టించినవాటి వివరాలు టెర్రాఫామ్ రాసుకునే స్టేట్ ఫైల్‌లో ఉన్నదున్నట్టు కూర్చుంటుంది. ఆ కీ దొరికినవాడు ఏ సైట్ పేరు మీదైనా మీ సర్వర్లు నమ్మే సర్టిఫికెట్ పుట్టించగలడు. కీ బయటికి రాని సీఏ సర్వీస్ వాడండి, ఈ విషయంలో రాజీ వద్దు.

ఇక అసలు కథ. ఇన్‌స్పెక్షన్ ఆన్ చేసిన రోజు అంతా సాఫీగా జరిగింది. ఏమేం మారతాయో ముందే చూపే టెర్రాఫామ్ ప్లాన్‌లో కొన్ని కొత్త రిసోర్సులు, తొలగింపులు సున్నా. ఆ మార్పులని అమలుచేసే అప్లై పచ్చగా ముగిసింది. మా రూట్ సర్టిఫికెట్‌ని సర్వర్ ఇమేజ్‌లలోకి ముందే ఎక్కించాం. కర్ల్ (కమాండ్ లైన్ నుంచి వెబ్ అడ్రస్‌ని పిలిచే టూల్) కొట్టి చూస్తే వస్తోంది, పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్ ఇన్‌స్టాల్ నడుస్తోంది. మూడు వారాలు ఎవరూ నోరెత్తలేదు. నెలాఖరు రాగానే ఒక పైథాన్ జాబ్ కూలిపోయింది. లెక్కలని ఒక భాగస్వామి సంస్థకి పంపే జాబ్ అది, నెలకి ఒక్కసారే నడుస్తుంది. ఫైర్‌వాల్ లాగ్‌లో క్లయింట్ వైపు నుంచి వచ్చిన టీఎల్ఎస్ అలర్ట్ ఉంది: 48, అంటే అన్‌నోన్ సీఏ, సర్టిఫికెట్ ఇచ్చినదెవరో తెలియదని. అదే మెషీన్ మీద, అదే అడ్రస్‌కి కర్ల్ కొడితే హ్యాండ్‌షేక్ పూర్తవుతోంది.

కారణం తెలిశాక చాలాసేపు కోపం తగ్గలేదు. కర్ల్ ఆపరేటింగ్ సిస్టమ్ ట్రస్ట్ స్టోర్ (నమ్మదగిన సీఏల జాబితా) చూస్తుంది. పిప్ కూడా 24.2 వెర్షన్ నుంచి, పైథాన్ 3.10 ఆపైన అయితే, సిస్టమ్ స్టోర్‌నే చూస్తుంది. కానీ అప్లికేషన్ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ తనతో తెచ్చుకున్న సర్టిఫై (certifi) అనే సీఏల జాబితానే నమ్ముతుంది, దానికి మా రూట్ ఎవరో తెలియదు. జావాలో ఇంకో తిరకాసు. ఉబుంటు ప్యాకేజీగా వచ్చిన జావా సిస్టమ్ సర్టిఫికెట్లని తన కీస్టోర్‌లోకి తెచ్చుకుంటుంది, విడిగా డౌన్‌లోడ్ చేసుకున్న జేడీకే తన సొంత సీఏసర్ట్స్ ఫైల్‌తో వస్తుంది. కాబట్టి ఒకే కోడ్ ఒక కంటైనర్‌లో నడిచింది, పక్క కంటైనర్‌లో పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్ (సర్టిఫికెట్‌ని నమ్మలేకపోయానని జావా చెప్పే మాట) అంటూ పడిపోయింది. నోడ్.జేఎస్‌కి సర్టిఫికెట్ దారిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఇవ్వాలి, ప్రాసెస్ మొదలయ్యేటప్పుడే చదువుతుంది కాబట్టి రీస్టార్ట్ చేస్తే గానీ పనిచేయదు. వీటిలో ఒక్కటీ ప్లాన్‌లో కనిపించదు. కోడ్ ఫైర్‌వాల్‌ని మాత్రమే వర్ణిస్తుంది, అటువైపు ఎవరు దాన్ని నమ్ముతున్నారో దానికి తెలియదు.

జాబ్ కూలిన ఆ రాత్రి మమ్మల్ని ఒడ్డున పడేసింది మినహాయింపుల జాబితానే. ఆ భాగస్వామి డొమైన్‌ని కారణంతో సహా ఒక్క వరుసలో చేర్చాం, జాబ్ మళ్లీ నడిపాం, లెక్కలు వెళ్లాయి. తర్వాత తీరిగ్గా ఇమేజ్‌లు సరిచేసి ఆ వరుస తీసేశాం. ఇంకో భాగస్వామి సంగతి వేరు. వాళ్లు క్లయింట్ సర్టిఫికెట్ అడిగే ఎంటీఎల్ఎస్ వాడతారు. మధ్యలో నిలబడిన ఫైర్‌వాల్ దగ్గర మా క్లయింట్ కీ లేదు కాబట్టి మా తరఫున అది జవాబు చెప్పలేదు. ఎన్ని స్టోర్లు సరిచేసినా అది తీరే సమస్య కాదు, ఆ డొమైన్ జాబితాలో ఉండాల్సిందే. ఏది తాత్కాలికం, ఏది శాశ్వతం అన్న తేడా కారణం చదివితే చాలు, తెలిసిపోతుంది. నాకు నచ్చింది అదే.

గడువు తేదీల గురించి పైన గొప్పగా చెప్పాను గానీ, అక్కడ కొంచెం తగ్గించుకోవాలి. టెర్రాఫామ్ 1.5లో వచ్చిన చెక్ బ్లాక్ హెచ్చరించి ఊరుకుంటుంది, ఆపదు. అందుకే గడువు దాటిన వరుస ఉంటే ప్లాన్ ఆగిపోయేలా ప్రీకండిషన్ పెట్టాం. ఇప్పుడేమవుతోందంటే, ఏదో అత్యవసర మార్పు వెళ్లాల్సిన సమయంలో పాత గడువు అడ్డం పడుతుంది, టెన్షన్‌లో ఎవరో తేదీని ఇంకో ఆరు నెలలు పొడిగిస్తారు, రివ్యూ చేసేవాళ్లు సరే అంటారు. అలా రెండుసార్లు జరిగిన వరుసలు మా దగ్గర ఉన్నాయి. పైగా మినహాయించిన ప్రతి డొమైన్‌కీ పాత్ నియమాలు పనిచేయవు, మళ్లీ ఎస్ఎన్ఐ దగ్గరికే వస్తాం. జాబితా పారదర్శకంగా ఉంది, అయినా పెరుగుతూనే ఉంది.

మీరు పెట్టుకోవచ్చా? మా సర్వర్ ఇమేజ్‌లన్నీ మేమే కడతాం, టీమ్ చిన్నది, అందరూ గిట్‌లోనే పనిచేస్తారు. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి మాకు కుదిరింది. బయటివాళ్లు ఇచ్చిన అప్లయన్స్‌లు ఎక్కువగా ఉంటే వాటి ట్రస్ట్ స్టోర్ మీ చేతిలో ఉండదు, సగం మినహాయింపులకే పోతుంది. ఉద్యోగుల ఫోన్ల ట్రాఫిక్‌కి నేనైతే పెట్టను. ఆండ్రాయిడ్ 7 నుంచి యూజర్ చేర్చిన సీఏని యాప్‌లు మామూలుగా నమ్మవు, పైగా అక్కడ మనుషుల బ్యాంకు, ఆరోగ్య వివరాలు ఉంటాయి. సర్వర్ల వరకు మాత్రం ఇంకో ఏడాది ఇలాగే నడుపుతాం. ఇంటర్మీడియట్ సీఏని మార్చే పని ఇంకా ముందుంది. అది కూడా నెలాఖరు జాబ్‌ని దాటాకే, ఈ సమీక్షని సవరించాలో లేదో చూస్తాను.