స్పీడ్ టెస్ట్ బాగానే ఉంది, ఆట మాత్రం ఆగుతోంది

డెస్క్‌టాప్ కంప్యూటర్ ఒకటి, ప్లేస్టేషన్ 5 ఒకటి, వాటికి ఇంటర్నెట్ అందించే రౌటర్, గోడల వెంట పాకిన కేబుళ్లు. నా ఆటల సరంజామా ఇంతే. కొన్నేళ్లుగా వీటిలో మార్చదగిన భాగాలన్నీ ఒక్కొక్కటిగా మారుస్తూ వచ్చాను, చెడిపోయినవాటిని విప్పి చూశాను. పెట్టె విప్పిన వారంలోనే రాసే సమీక్షల మీద నాకు పెద్దగా గురి లేదు. మొదటి వారం ఏ వస్తువైనా బుద్ధిగానే ఉంటుంది. ఒక వేసవి దాటాక, లోపల దుమ్ము పేరుకున్నాక, ఇంట్లో ఇంకో నాలుగు ఫోన్లు వైఫైకి తగులుకున్నాక దాని అసలు స్వభావం బయటపడుతుంది. ఆ లెక్కన చూస్తే నా ఆటను అన్నిటికంటే ఎక్కువగా మెరుగుపరిచింది రౌటర్ సెట్టింగుల్లో ఓ మూలన ఉండే పేజీ. రెండో స్థానం ఒక మామూలు రాగి కేబుల్‌ది. డబ్బు ఎక్కువగా మింగినవన్నీ వాటి తర్వాతే.

ముందు ఆ పేజీ సంగతి. స్పీడ్ టెస్ట్ పెడితే ప్లానులో రాసిన వేగం మొత్తం వచ్చేది. పింగ్ (సంకేతం సర్వరుకు పోయి తిరిగి రావడానికి పట్టే సమయం) కూడా ఇరవై మిల్లీసెకన్ల లోపే. అయినా రాత్రి ఆట మొదలుపెట్టిన కాసేపటికి, ఎదురుగా పరిగెడుతున్న మనిషి ఉన్నట్టుండి పది అడుగుల అవతల తేలేవాడు. నా తూటా గోడకు తగిలేది, మరుక్షణం నేనే నేల మీద పడి ఉండేవాణ్ని. ఇంటర్నెట్ సంస్థకు ఫోన్ చేస్తే ‘స్పీడ్ వస్తోంది కదండీ’ అనే జవాబు. నిజమే, వస్తోంది. కానీ ఆన్‌లైన్ ఆటకు కావలసిన డేటా చాలా తక్కువ. చాలా ఆటలకు సెకనుకు ఒక మెగాబిట్ కూడా పట్టదు. ఆ కాస్తా వేళకు చేరడమే దానికి కావాలి.

ఈ జబ్బును పట్టుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కంప్యూటర్లో రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ చిరునామాకు (సాధారణంగా 192.168.1.1), రెండోదాంట్లో బయటి ప్రపంచంలో ఉన్న గూగుల్ సర్వరు 8.8.8.8కు ఆగకుండా పింగ్ పెట్టాను. రెండూ నిలకడగానే ఉన్నాయి. అప్పుడు ఫోనులోని వీడియోలను క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటి విండోలో అంకె ఒకటి దాటలేదు. రెండో విండోలో 18, 19, 18 అని నడుస్తున్న వరస 140 అయింది, 260 అయింది, 400 దాటింది. అప్‌లోడ్ ఆపగానే మళ్లీ 18. అంటే ఇంటి లోపల ఏ లోపమూ లేదు. ఇల్లు దాటే గుమ్మం దగ్గరే వరస పేరుకుంటోంది.

పంపే వేగం తక్కువగా ఉన్న చోట మోడెమ్ (సంస్థ లైనును ఇంటికి కలిపే పెట్టె), రౌటర్ ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, పారేయకుండా తమ మెమరీలో దాచిపెడతాయి. ప్యాకెట్ పోయిందన్న సూచన అందేవరకు పంపే కంప్యూటర్ వేగం తగ్గించదు కాబట్టి ఆ మెమరీ నిండుతూనే ఉంటుంది. ఆట పంపే చిన్న ప్యాకెట్ ఆ వరస చివర, బారులు తీరిన లారీల వెనక సైకిల్ చిక్కుకున్నట్టు చిక్కుకుంటుంది. జిమ్ గెటిస్ 2010 ప్రాంతంలో ఈ సమస్యను వెలుగులోకి తెచ్చి, బఫర్‌బ్లోట్ అన్న పేరు ప్రచారంలోకి తెచ్చారు. 2012లో క్యాథలీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ కోడెల్ అనే పద్ధతిని ప్రకటించారు. వరస ఎంత పొడవుందన్నది దానికి పట్టదు. ఒక్కో ప్యాకెట్ వరసలో ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. ఆ నిరీక్షణ కొంతసేపటి వరకూ ఐదు మిల్లీసెకన్ల లోపుకు దిగకపోతే ప్యాకెట్లను వదిలేయడం మొదలుపెట్టి, పంపేవాడికి నెమ్మదించమని చెబుతుంది. దీనికి ఒక్కో కనెక్షన్‌కు విడి వరస అన్న ఆలోచన జోడించిన ఎఫ్‌క్యూ కోడెల్ 2018లో ఆర్ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. కేక్ అనే పద్ధతి ఆ దారిలో ఇంకో మెట్టు.

నా రౌటర్లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, వరసలను అదుపు చేసే ఎస్‌క్యూఎమ్ అన్న పేజీలో కేక్ ఎంచుకున్నాను. అక్కడ ఇవ్వాల్సినవి ముఖ్యంగా రెండే అంకెలు: డౌన్‌లోడ్ వేగం, అప్‌లోడ్ వేగం. రెండింటినీ అసలు వేగంలో తొంభై శాతం దగ్గర పెట్టాను. అలా కాస్త తగ్గిస్తేనే వరస మోడెమ్‌లో కాకుండా మన అదుపులో ఉన్న రౌటర్లో ఏర్పడుతుంది. మళ్లీ అదే పరీక్ష పెట్టి, అవే వీడియోలు ఎక్కించాను. రెండో విండోలో అంకె 30 దాటలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు ఏం ఎక్కిస్తున్నారో నేను అడగాల్సిన పని పడలేదు.

లోటుపాట్లు లేకపోలేదు. పదో వంతు వేగం వదులుకోవాలి. పెద్ద గేమ్ దించుకునేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ప్రాసెసర్. ఈ పని చేయాలంటే రౌటర్ ప్రతి ప్యాకెట్‌నూ స్వయంగా చూడాలి, కాబట్టి ప్యాకెట్లను ప్రాసెసర్‌కు చూపకుండా దాటించే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ అనే సదుపాయాన్ని ఆపాలి. నా పాత రౌటర్ సెకనుకు రెండు వందల మెగాబిట్ల (ఎంబీపీఎస్) దగ్గరే చేతులెత్తేసింది. ప్లాను పెంచుకున్నప్పుడు రౌటర్ కూడా మార్చాల్సి వచ్చింది. కొనేటప్పుడు యాంటెన్నాలు లెక్కపెట్టడం మానేసి, ప్రాసెసర్ ఏమిటో, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ దాన్ని గుర్తిస్తుందో లేదో చూశాను. మిత్రుడి దగ్గర ‘గేమింగ్ రౌటర్’ ఒకటి ఉంటే తెచ్చి కొన్నాళ్లు నడిపి చూశాను కూడా. ఎర్ర దీపాలు, సాలీడు కాళ్లలా యాంటెన్నాలు, తెరిస్తే యుద్ధవిమానం కాక్‌పిట్‌లాంటి పేజీ. అందులోని గేమింగ్ మోడ్ వేసినా అప్‌లోడ్ సమయంలో పింగ్ ఎక్కడం ఆగలేదు. దీపాలు మాత్రం చక్కగా రంగులు మార్చాయి.

ఇక కేబుల్. ఒకరోజు నుంచి డెస్క్‌టాప్‌లో డౌన్‌లోడ్ వేగం కచ్చితంగా 94 ఎంబీపీఎస్ దగ్గర ఆగడం మొదలైంది. ఆ అంకె కనిపిస్తే ఇంకేదీ అనుమానించక్కర్లేదు: లింకు గిగాబిట్ (వెయ్యి ఎంబీపీఎస్) నుంచి వందకు పడిపోయింది. వంద ఎంబీపీఎస్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో నాలుగే చాలు, 1, 2, 3, 6. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒక్కటి తెగినా చాలా నెట్‌వర్క్ కార్డులు చప్పుడు చేయకుండా వందకు దిగిపోతాయి. కనెక్షన్ తెగదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కేబుల్ టెస్టర్ రెండు ముక్కలనూ చెరో కొసకు తగిలించి చూస్తే దీపాలు వరసగా ఒకటి, రెండు, మూడు వెలిగాయి, నాలుగు వెలగలేదు, ఐదు వెలిగింది. నాలుగంటే నీలం తీగ. ఆ కొసన కనెక్టర్ కత్తిరించి తీగలను విడదీసి చూస్తే నీలం తీగ చర్మం లోపల విరిగి ఉంది. బ్లేడుతో గీకితే ఎర్రటి పూత కింద తెల్లటి లోహం కనిపించింది. రాగి పూత పూసిన అల్యూమినియం! బల్ల జరిపినప్పుడల్లా వంగి వంగి చివరకు విరిగింది. కొత్త కనెక్టర్ వేస్తే కొన్నాళ్లు నడిచేదే, కానీ ఆ జాతి తీగ మీద నమ్మకం పోయింది. అచ్చమైన రాగి క్యాట్ 6 (క్యాట్ అంటే కేబుల్ తరగతి) కేబుల్ లాగించాను. అప్పటి నుంచి లింకు వేగం గిగాబిట్ దగ్గరే స్థిరంగా ఉంది.

ఆటలకు క్యాట్ 8 కావాలని చెప్పేవాళ్లున్నారు. అది డేటా సెంటర్ల కోసం, ముప్పై మీటర్ల లోపు దూరానికి, 25, 40 గిగాబిట్ల వేగానికి తయారైంది. ఇంట్లో గిగాబిట్ నడవడానికి మంచి రాగి క్యాట్ 5ఈ వంద మీటర్ల వరకు చాలు. 2016లో వచ్చిన 2.5 గిగాబిట్ ప్రమాణం కూడా అదే కేబుల్ మీద పరిగెత్తేలా రూపొందింది. కేబుల్ మీద ముద్రించిన అంకె కంటే లోపలి లోహం ముఖ్యం.

వైఫై మీద ఎక్కువ చెప్పను. కన్సోల్‌కూ కంప్యూటర్‌కూ కేబుల్ లాగగలిగితే లాగేయండి. కుదరని చోట వైఫై 6 రౌటర్, 5 గిగాహెర్ట్జ్ బ్యాండు నాకు తృప్తిగానే పనిచేశాయి. ఒక్క చిక్కు తప్ప: ఆ బ్యాండులో కొన్ని చానళ్లను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ సంకేతం వినిపించిందనుకుంటే రౌటర్ వెంటనే ఆ చానల్ ఖాళీ చేయాలి. ఆట మధ్యలో కొన్ని సెకన్లపాటు అందరూ మాయమైతే రౌటర్ లాగ్ (జరిగినవాటి చిట్టా) తెరిచి చూడండి. చానల్‌ను ఆటోమేటిక్ నుంచి తీసి 36కు, వెడల్పును 80 మెగాహెర్ట్జ్‌కు కట్టేశాక నా దగ్గర ఆ బెడద పోయింది. 160 మెగాహెర్ట్జ్ పెడితే స్పీడ్ టెస్ట్ అంకె అందంగా ఉంటుంది, కానీ 36 నుంచి అంత వెడల్పు కావాలంటే రాడార్ చానళ్లలోకి జొరబడక తప్పదు.

ఇంకో విచిత్రం. వైర్‌లెస్ మౌస్ అప్పుడప్పుడు తడబడేది. బ్యాటరీ మార్చినా, డ్రైవర్ మార్చినా ఫలితం లేదు. కంప్యూటర్ వెనక యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు పక్కనే మౌస్ రిసీవర్ ఉంది. యూఎస్‌బీ 3 పరికరాలు, వాటి కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే పత్రం ప్రచురించింది. రిసీవర్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో బల్ల మీదికి తెచ్చాను, మౌస్ కుదురుకుంది. నేను కొన్నవాటన్నిటిలో ఇంత చౌకగా తేలింది ఇంకోటి లేదు.

ప్లేస్టేషన్ 5లో అదనపు ఎస్‌ఎస్‌డీ (ఆటలు దాచే డ్రైవ్) గురించి చాలామంది అడుగుతుంటారు. మొదటి మోడల్లో 825 జీబీ ఉన్నా ఆటలకు మిగిలేది 667 జీబీ, పెద్ద ఆటలు నాలుగైదు దించేసరికి నిండిపోతుంది. లోపలున్న ఎం.2 స్లాట్‌ను, అంటే అదనపు డ్రైవ్ దూర్చే చోటును, సోనీ 2021 సెప్టెంబరులో అందరికీ తెరిచింది. సెకనుకు 5,500 ఎంబీ చదివే పీసీఐఈ 4 రకం డ్రైవ్ ఉండాలని, హీట్‌సింక్‌తో (వేడి లాగే లోహపు పలక) కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదని సూచించింది. మందం సంగతి కొనేముందే చూసుకోండి, కంప్యూటర్ల కోసం చేసిన ఎత్తైన హీట్‌సింకులు అందులో పట్టవు. బిగించడం పావుగంట పని. ఇన్నాళ్లలో లోపలి డ్రైవ్‌కూ దీనికీ ఆట తెరుచుకోవడంలో తేడా నా కంటికి ఆనలేదు. కాబట్టి 7,000 ఎంబీ అని రాసిన ఖరీదైన డ్రైవ్‌కు పోవడంలో అర్థం కనిపించదు. ఆ డబ్బుతో ఎక్కువ చోటు కొనుక్కోవచ్చు.

కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు మార్చడం తెలిసిన కథే, అంకెలు అన్ని చోట్లా దొరుకుతాయి. మెమరీ గురించి మాత్రం ఒక మాట. పెట్టె మీద 3200 అని ఉన్నా, బయోస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగుల పేజీలో) ఆ వేగాన్ని అమలుచేసే ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయకపోతే చాలా కిట్లు 2133 లాంటి తక్కువ వేగంతోనే నడుస్తాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఆ అంకె కనబడుతుంది. స్లాట్లు నాలుగుంటే రెండు స్టిక్కులనూ ప్రాసెసర్ నుంచి లెక్కించి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలని ఎక్కువ బోర్డులు కోరతాయి. ఇది సరిచేశాక సగటు ఫ్రేములు కొద్దిగానే పెరిగాయి, కానీ జనం గుంపుగా ఉన్న చోట్ల తగిలే కుదుపులు బాగా తగ్గాయి. ఆన్ చేశాక మెమరీలో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్‌ను ఒక రాత్రంతా నడిపించండి. ఒక్క ఎర్ర గీత కనిపించినా వేగం ఒక మెట్టు దించండి, లేకపోతే వారానికోసారి ఆట మూసుకుపోతుంటే కారణం కోసం నెలల తరబడి వెతుక్కోవాలి.

రౌటర్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే ఫర్మ్‌వేర్‌ను (లోపలి సాఫ్ట్‌వేర్) తిట్టేముందు అడాప్టర్‌ను అనుమానించండి. నా రౌటర్‌కు వచ్చిన 12 వోల్టుల అడాప్టర్ మల్టీమీటర్‌తో చూస్తే బాగానే ఉంది. రౌటర్ తగిలించి నాలుగైదు పరికరాలు పని మొదలుపెట్టాయంటే చాలు, వోల్టేజీ కిందికి జారింది. లోపలి కెపాసిటర్లు వేడికి వాడిపోతే ఇలాగే అవుతుంది. వోల్టులు, ప్లగ్గు ధ్రువాలు అవే ఉండేలా, ఆంపియర్లు తగ్గకుండా వేరే అడాప్టర్ పెట్టాను. రీస్టార్టులు ఆగిపోయాయి.

ఆటలో స్నేహితులతో వాయిస్ చాట్ కలవకపోవడం, మ్యాచ్ దొరకకపోవడం వేరే జబ్బు. రౌటర్ బయటి చిరునామా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న ఏ అంకెలతో మొదలైనా, మీరూ ఇంకెందరో ఒకే బయటి చిరునామాను పంచుకుంటున్నారని అర్థం. అప్పుడు రౌటర్లో ఎన్ని పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే ద్వారాలు) తెరిచినా ప్రయోజనం ఉండదు. ఇంటర్నెట్ సంస్థను పబ్లిక్ ఐపీ, అంటే మన ఒక్కరికే చెందిన బయటి చిరునామా, అడగాలి, లేదా ఆట ఐపీవీ6 అనే కొత్త చిరునామా పద్ధతికి ఒప్పుకుంటే దాన్ని ఆన్ చేయాలి. నాకు మొదటిదే పని చేసింది, అడిగి అడిగి సాధించాను.

ఏ వస్తువూ తగ్గించలేనిది ఒకటుంది, దూరం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వరు 3,000 కిలోమీటర్ల అవతల ఉంటే పోయిరావడానికే 30 మిల్లీసెకన్లు, ఆపైన దారి వంకరలు. నేను ఎక్కువగా ఆడే ఆటల్లో ఒకదానికి దగ్గరలో సర్వరు లేదు. ఇన్ని మార్పుల తర్వాతా దాంట్లో పింగ్ దాదాపు మొదట ఉన్నంతే ఉంది, ఎగుడుదిగుళ్లు మాత్రం పోయాయి. పైగా ప్రాంతం ఆటోమేటిక్‌గా ఉన్నప్పుడు, అర్ధరాత్రి ఆటగాళ్లు తగ్గగానే నన్ను ఇంకో ఖండానికి పంపేసేది. ఇప్పుడు ఉన్నవాటిలో దగ్గరి ప్రాంతానికే కట్టేసి ఉంచాను. మ్యాచ్ దొరకడానికి ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు ఆగాల్సి వస్తోంది.