తలుపు కింద అర అంగుళం

గుంటూరు బ్రాడీపేటలో మేముంటున్న రెండు పడకగదుల ఫ్లాటులో, మా గదిలోని శబ్దం బయటికీ, బయటి శబ్దం లోపలికీ పోకుండా ఈ ఏడాది చేయించుకున్న పనిని గురించి ఈ సమీక్ష. విజయవాడ నుంచి వచ్చిన ఒక సంస్థ కిటికీకి 36,500, గోడ పలకలకు 24,000, తలుపుకు 3,200, మొత్తం 63,700 రూపాయలు తీసుకుంది. సంస్థ పేరు రాయదలచుకోలేదు.

కొలతలకు వచ్చిన కుర్రాడు "హోమ్ థియేటరా మేడం?" అని అడిగితే నేను అవునన్నాను. నిజానికి ఆ గదిలో టీవీ కూడా లేదు. గోడకు అవతల అత్తగారూ మామగారూ, వాళ్ల మధ్య ఏడేళ్ల మా అబ్బాయీ పడుకునే ఇంట్లో, పెళ్లయి పదకొండేళ్లయిన మేమిద్దరం గొంతు విప్పి మాట్లాడుకోవడానికి ఒక చోటు కావలసివచ్చింది. ఆ మాట కుర్రాడితో చెప్పలేకపోయాను. ఈ అవసరంతోనే అటువంటి దుకాణాలకు వెళ్లేవాళ్లు నాలాగే అబద్ధం చెప్పి, నాలాగే అక్కరలేనిది కొనుక్కొని వస్తారని అనుమానం ఉండబట్టి ఇక్కడ చెప్తున్నాను.

పదకొండేళ్లలో మా ఇద్దరి మధ్య రాత్రి మాటలన్నీ గుసగుసలే. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు, ఊపిరి మాత్రమే మాటగా మారుతుంది. అందుచేత అందులో శ్రుతి ఉండదు. మనిషి గొంతులోని లాలన, కోరిక, చిలిపితనం చాలావరకు ఆ శ్రుతి హెచ్చుతగ్గుల్లోనే ఉంటాయి. "మంచినీళ్లు అందుకో" అన్నా, "ఇంకా దగ్గరికి రా" అన్నా గుసగుసలో ఒకేలా వినిపించడం నాకు కొన్నేళ్ల తరువాత గాని తట్టలేదు. గుసగుసకు దాని అందం దానికి ఉంది, చెవి దగ్గర ఊపిరి తగలడం చిన్న విషయం కాదు. అయితే అది మనం ఎంచుకున్నదై ఉండాలి గాని, గోడ విధించినదై ఉండకూడదు.

కంటికి రెప్ప ఉన్నట్టు చెవికి మూత లేదు. పక్కగదిలో దగ్గు వినపడితే శరీరం మన అనుమతి అడగకుండానే బిగుసుకుంటుంది, మనసు అక్కడికి వెళ్లిపోతుంది. జాన్ బ్యాంక్రాఫ్ట్, ఎరిక్ జాన్సెన్ అనే పరిశోధకులు లైంగిక ప్రేరణను ముందుకు నడిపే వ్యవస్థ ఒకటి, ఆపే వ్యవస్థ మరొకటి అని రెండుగా వివరించారు. ఒకటి యాక్సిలరేటరు అనుకుంటే రెండోది బ్రేకు. ఎవరైనా వింటారేమోనన్న భయం బ్రేకు మీద కాలు వేసి ఉంచడం లాంటిది. కాలు తీయకుండా ఎంత యాక్సిలరేటరు తొక్కినా బండి మూలుగుతుంది గాని కదలదు.

ఈ విషయంలో మన పెద్దలు మనకంటే తేటగా మాట్లాడారు. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో సీత్కారానికీ (పళ్ల సందున ఊపిరి పీల్చే ‘సీ’ అన్న సవ్వడి), రతివేళ వెలువడే ధ్వనులకూ చోటిచ్చి, పావురం, కోకిల, చిలుక, తుమ్మెద, హంస కూతలతో వాటిని పోల్చాడు. అమరు శతకం అనే సంస్కృత శృంగార శ్లోకాల సంపుటిలో ఒక శ్లోకం ఉంది: రాత్రి దంపతులు పలికిన మాటలను పెంపుడు చిలుక తెల్లవారి పెద్దల ముందు వల్లించబోతే, సిగ్గుపడిన కోడలు చెవికమ్మలోని కెంపును దానిమ్మగింజ అన్న నెపంతో దాని ముక్కున పెట్టి నోరు మూయిస్తుంది. ఆ శతకానికి శృంగారదీపిక అనే వ్యాఖ్య మా గుంటూరుకు దగ్గరలోని కొండవీటిని ఏలిన పెదకోమటి వేమారెడ్డి పేరున ఉంది. ఆ కోడలికి చిలుక ఒక్కటే సమస్య. మాకు తలుపు, కిటికీ, మంచం, మూడూ చిలుకలే.

2011లో గేల్ బ్రూవర్, కాలిన్ హెండ్రీ అనే పరిశోధకులు 71 మంది స్త్రీలను అడిగి ప్రచురించిన అధ్యయనం, రతి సమయంలో స్త్రీల గొంతు నుంచి వచ్చే ధ్వనులు సుఖపరాకాష్ఠలో అసంకల్పితంగా పుట్టేవి మాత్రమే కావనీ, భాగస్వామిని ఉద్దేశించి తెలిసి చేసేవి చాలా ఉన్నాయనీ చెప్పింది. కొందరు దీన్ని నటన అని కొట్టిపారేస్తారు. నాకు అది సంభాషణలా తోస్తుంది. ఏది బాగుందో, ఏది వద్దో చీకట్లో చెప్పడానికి గొంతు కంటే దగ్గరి దారి ఏముంది?

ఇక కొన్న వస్తువుల సంగతి. గోడ పలకలు దండగ. గుడ్ల అట్టలా గతుకులు గతుకులుగా ఉండే ఆ ఫోము, గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుంది. గోడ దాటి పోయే శబ్దాన్ని ఆపదు. శబ్దాన్ని ఆపేది బరువు, సందులు లేకపోవడం. హోమ్ థియేటరుకు ఫోము కొంత పనికొస్తుంది కాబట్టి నా అబద్ధానికి తగిన సరుకే ఇచ్చారనుకోవచ్చు. కాని "పక్క గదికి వినపడదు కదా" అని నేను రెండుసార్లు అడిగితే, "అసలు వినపడదు మేడం" అన్నది వాళ్లే. మే నెల ఎండలకు జిగురు కరిగి నాలుగు పలకలు ఒక మధ్యాహ్నం మంచం మీద పడ్డాయి. ఫోను చేస్తే, గోడ సున్నం మంచిది కాదన్నారు.

కిటికీ బాగానే చేశారు. రెండు అద్దాల మధ్య ఖాళీ ఉంచి, చుట్టూ రబ్బరు బిగించిన యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ అది. వీధిలో ఆటోల హారన్లు ఇప్పుడు ఎక్కడో దూరపు పెళ్లి మేళంలా వినిపిస్తాయి. అయితే ఎవరూ ముందు చెప్పని చిక్కు ఒకటి ఉంది. వీధి రొద ఇంటిలోపలి చిన్న శబ్దాలను కప్పేస్తూ ఉండేది. అది పోగానే మామగారు పక్క మీద ఒత్తిగిలడం కూడా వినపడసాగింది. వాళ్ల సవ్వడి మాకు వినపడితే మాది వాళ్లకు వినపడదా? మొదటి వారం మేము మునుపటి కంటే మెల్లగా మాట్లాడుకున్నాము. కిటికీతో మొదలుపెట్టడమే పొరపాటు.

అసలు మేలు చేసింది 3,200 రూపాయల తలుపు పని. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా పూత ఉంటే, సుమారు 40 డెసిబెళ్ల శబ్దాన్ని ఆపుతుంది. తలుపు విస్తీర్ణంలో నూటికి ఒక వంతు సందు ఉంటే చాలు, మిగతా తలుపు ఎంత మందమైనదైనా 20 డెసిబెళ్లకు మించి ఆపలేదు. పాత ఇళ్లలో ప్రతి గదికీ గడప ఉండేది. ఇప్పుడు టైల్సు పరిచి గడపలు ఎత్తేశాక, తలుపు కింద అర అంగుళం ఖాళీ మిగిలింది. పనికి వచ్చిన కుర్రాడు దీపాలార్పి, హాల్లో నేల మీద సెల్‌ఫోను టార్చి పెట్టి, నన్ను గదిలో నిలబెట్టాడు. తలుపు కింద తెల్లటి గీత, తాళం రంధ్రంలో చుక్క, కీళ్ల వైపు సన్నటి వెలుగు. "వెలుగు వచ్చినంతమేరా మాట పోతుంది మేడం" అన్నాడు. తలుపు మూయగానే కిందికి దిగే రబ్బరు పట్టీ, చట్రం చుట్టూ మరో పట్టీ బిగించాక మళ్లీ టార్చి పెడితే గది చీకటిగా ఉంది. ఆ సంస్థలో నాకు గౌరవం మిగిలింది ఆ కుర్రాడి మీదే.

మంచం సంగతి వాళ్ల పట్టికలో లేదు. మంచపు కిర్రు గాలిలో కంటే గోడ ద్వారా, నేల ద్వారా ఎక్కువ ప్రయాణిస్తుంది. వీధి చివరి వడ్రంగి బోల్టులు బిగించి, అతుకుల్లో మైనం రాసి, కోళ్ల కింద మందపాటి రబ్బరు బిళ్లలు పెట్టి, తలవైపు పలకను గోడకు నాలుగు వేళ్లు ఎడంగా జరిపి 400 తీసుకున్నాడు. దేనికని అడగలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. సందులన్నీ మూసిన గదిలో గుంటూరు వేసవిని ఏసీ లేకుండా భరించలేము. కరెంటు పోతే కిటికీ తెరవక తప్పదు, దానితో 36,500 రూపాయలూ వీధిలోకి పోతాయి. అంతకంటే ముఖ్యంగా, రాత్రి అబ్బాయి ఏడ్చినా, మామగారు పిలిచినా మాకు వినపడదు. అందుకని వాళ్ల మంచం పక్కన వైర్‌లెస్ కాలింగ్ బెల్ మీట పెట్టి, బెల్లు మా గదిలో ఉంచాము. అది పక్కన ఉన్నదన్న ధైర్యం వచ్చాకే నా చెవులు కాపలా మానాయి. మా ఆయన గొంతులో ఒక బొంగురు జీర ఉందని, నవ్వితే అది పైకి తేలుతుందని పదకొండేళ్ల తరువాత చీకట్లో విన్నాను.

పోయిన ఆదివారం కూరగాయలు తరుగుతూ అత్తగారు తలెత్తకుండా, "మా గది తలుపుకీ ఆ రబ్బరు వేయించమ్మా" అన్నారు. గురక కోసమా, మరి దేనికోసమా అని నేను అడగలేదు. పిల్లవాడి పడక హాల్లోకి మారాలి, బెల్లు మీట ఇంకొకటి కొనాలి. పాత సంస్థను పిలవకుండా ఆ కుర్రాడినే విడిగా రమ్మన్నాను, గురువారం వస్తానన్నాడు.